బర్రె వట్టిపోయినా వారం వట్టిపోదు

ఇప్పుడంటే సెల్లులో వేలు పెట్టి నొక్కితే అప్పు వచ్చి పడతా ఉంది గానీ పిలకాయలూ, నా కాపురం కొత్తల్లో నూరు రూపాయలు పుట్టాలంటే మూడు గడపలెక్కి దిగాల్సిందే. మంటకు కాస్త ఎడంగా జరగండి, చెబతా.

మాది నెల్లూరు జిల్లా మెట్ట. సోమశిల నీళ్లు కింది ఊళ్లకు పోతాయి, మా చేలకు వానే దిక్కు. వాన పడితే చెనిక్కాయ, సజ్జ. పడకపోతే కూలి. కరువు నెలల్లో అప్పంటే ఊళ్లో షావుకారే. నూటికి నెలకు మూడు రూపాయలు, మరీ గతిలేనోళ్లకు అయిదు. అయిదంటే ఏడాదికి నూటికి అరవై. అప్పట్లో మాకు ఏడాది లెక్క తెలవదు, నెల లెక్కే. అది గూడా ఊరికే ఇస్తాడా? ఇత్తడి బిందె కుదువ పెట్టాల. మా అత్త బిందె విత్తనాలప్పుడు పోయి సంక్రాంతికి ఇంటికి వచ్చేది. ఒక ఏడు రాలేదు, అంతే. గింజలు తెచ్చుకుంటే ఇంకా అన్యాయం, బస్తాకు బస్తాన్నర కొలవాల. టౌనులో బ్యాంకు ఉండేది. ఆడది పోయి అప్పడిగితే పొలం పాసుపుస్తకం తెమ్మనేవాళ్లు. పొలం ఉండేది మామది, అది గూడా ఆయన నాయన పేరు మీంచి మారనే లేదు.

ఇక మీ తాత. మంచోడే, మాటపడేవాడు కాదు, సారా ఒకటే ఆయనకు శత్రువు. కూలి డబ్బులు ఇంటికి చేరేలోపల అంగట్లో దిగిపోయేవి. దొంగసారా అనుకునేరు, సర్కారే పాట పెట్టి అమ్మించే సరుకు అది. 1991లో అక్షరదీపం అని రాత్రి బడులు పెట్టినారు. పెద్ద పెద్ద ఆడోళ్లం లాంతరు చుట్టూ కూర్చొని అక్షరాలు దిద్దుకుంటా ఉంటే, ఆ పుస్తకంలో తాగుబోతు మొగుడి కథ ఒకటి పాఠంగా వచ్చింది. చదువుకుందామని పోయినోళ్లం, చదివింది మా ఇంటి సంగతే అయ్యేసరికి ఆ రాత్రి ఎవరూ మాట్లాడలా. ఇక్కడికి దగ్గర్లోనే దూబగుంటలో రోశమ్మ, ఆ ఊరి ఆడోళ్లు కలిసి సారాను ఊళ్లోకి రానీకుండా తరిమేసినారు. ఆ కబురు ఊరూరా పాకింది. చీపుర్లూ కారప్పొడీ పట్టుకొని అంగళ్ల ముందర నిలబడినాం. 1992లో నెల్లూరులో సారా పాటలు సాగనియ్యలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బందు. ఆ తర్వాత 1995లో మద్యం మొత్తం ఆపినారు, 1997లో మళ్లీ తెరిచినారు. ఆ గొడవ ఇంకో రోజు చెప్పుకుందాం.

అప్పుల ముచ్చట చెబతానని సారా చెబతా ఉందేందిరా ముసిల్ది అనుకోవద్దు. సారాకు పోయే రూపాయి మిగిలింది గదా, దాన్ని యాడ పెట్టాల? ఇంట్లో పెడితే రేపు ఇంకో దానికి పోతుంది. అప్పుడు ఆఫీసర్లు వచ్చి, రోజుకొక రూపాయి దాచుకోండమ్మా, పదిహేను మంది ఒక జట్టు కట్టండి అన్నారు. పొదుపులక్ష్మి అని పేరు పెట్టినారు. డ్వాక్రా అనేది దానికి ముందే ఉంది, 1982లో ఢిల్లీవాళ్లు పెట్టిన పథకం, జట్టుకు పదిహేను వేలు ఇచ్చేది. అయితే డబ్బు కోసం కట్టిన జట్టు డబ్బు పంచుకున్నాక ఉంటుందా? చాలా ఊళ్లలో పేర్లే మిగిలినాయి. మాది తిరగబడింది. ముందు జట్టు, ముందు మా రూపాయి. సర్కారు డబ్బు తర్వాత వచ్చింది.

పదిహేను మందిమి, నెలకు ముప్ఫై లెక్కన 450 రూపాయలు. రేకు పెట్టె ఒకరింట్లో, తాళం చెవి ఇంకొకరి కొంగున. ఎవరినీ నమ్మక కాదు, అందరం నిద్రపోవాలని. మూడో నెల్లో మొదటి అప్పు ఇచ్చినాం, రెండొందలు, బిడ్డకు జొరమొచ్చిన ఒకామెకు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. షావుకారు వడ్డీకీ మా వడ్డీకీ పెద్ద తేడా లేదే అన్నాడు మీ తాత. ఉంది. షావుకారికి కట్టిన వడ్డీ షావుకారి మిద్దెకు పోయేది. మా వడ్డీ మా పెట్టెలోకే వచ్చేది. ఏడాది తిరిగేసరికి ఆ పెట్టె బరువు చూసి మాకే నవ్వొచ్చింది.

తీర్మానం పుస్తకం అని ఒకటుంటుంది. ఎవరికి ఎంత, ఎందుకు, ఎప్పటికి తీరుస్తుంది అని రాసి అందరం సంతకాలు పెట్టాల. వేలిముద్రలు మేం ఒప్పుకోలా. రాత్రి బడికి పోయింది ఎందుకు? ఎందుకు అనే మాట దగ్గర గంటలు గంటలు వాదులాడుకునేవాళ్లం. "నీకు కుట్టుమిషను ఎందుకమ్మా, ఊళ్లో ఉండే నాలుగు జాకెట్లు ఇద్దరు కుడతా ఉంటే" అని మొహం మీదే అడిగేవాళ్లం. బాధపడేవాళ్లు. కానీ ఊళ్లో ఏది అమ్ముడుపోతుందో ఏది పోదో ఆ వాదులాటలో తేలిపోయేది.

మా పక్కింటామెకు బర్రె కావాలంది. నాకు చెల్లెలు వరస. 2003లో ఆరు వేలు ఇచ్చినాం, ఇంకో రెండు వేలు ఆమె చేతిది. మంచి బర్రె, పూటకు మూడు లీటర్లు. ఎనిమిది నెలలు ఠంచనుగా కట్టింది. తర్వాత బర్రె వట్టిపోయింది. మీకు పాకెట్టు పాలు తప్ప తెలవదు గదా, వినండి. బర్రె చూలు పది నెలలు. ఈనబోయే ముందు రెండు మూడు నెలలు పాలు పిండకూడదు, పిండితే దూడకూ చేటు, బర్రెకూ చేటు. చూలు వెంటనే నిలవకపోతే ఇంకా ఆలస్యం. ఆ నాళ్లలో పాలు రావు, మేత ఖర్చు మాత్రం పోతానే ఉంటుంది. ఆమె మీటింగుకు వచ్చి తలొంచుకొని కూర్చుంది. మేం పోయి బర్రెను చూసొచ్చినాం. నిజంగా పోయినాం, నలుగురం, దాని పొట్ట తడిమి చూసినాం. చూలుతో ఉంది. పుస్తకంలో రాసినాం: ఈనేదాకా వడ్డీ కడితే చాలు, అసలు ఈనినాక. అయిదు నెలలాగినాం. పెయ్యదూడ పుట్టింది. బాకీ మొత్తం తీర్చి, జున్ను గూడా తెచ్చిపెట్టింది.

బ్యాంకు సంగతి. 1992లో నాబార్డు వాళ్లు దేశం మొత్తం మీద 500 సంఘాలకు బ్యాంకు అప్పు ఇప్పించి చూద్దామని మొదలు పెట్టినారు. ఆస్తి కాగితం లేదు, పొదుపు పుస్తకమూ తీర్మానం పుస్తకమూ చూసి ఇయ్యాల. ఆ లింకేజీ మా ఊరికి రావటానికి ఏళ్లు పట్టింది. మొదటిసారి పోయినప్పుడు మేనేజరు కూర్చోమనలా. రెండేళ్లు పోయినాక, మా సంఘాల బాకీలు పొలాలున్న రైతుల బాకీలకన్నా బాగా వస్తా ఉండేసరికి, ఆయన బదిలీ అయినాక వచ్చిన కొత్త సారు మాకు టీ చెప్పినాడు. టీ పెద్ద సంగతి కాదులే. కానీ నేను మర్చిపోలా.

తర్వాత సర్కారు వెలుగు ప్రాజెక్టు వచ్చింది. ఊరికి గ్రామ సమాఖ్య, మండలానికి మండల సమాఖ్య. ట్రైనింగులు పెట్టినారు. అక్కడే ఒక సారు బంగ్లాదేశ్ కథ చెప్పినాడు. 1976లో చిట్టగాంగ్ పక్కన జోబ్రా అనే ఊళ్లో యూనస్ అనే ఎకనామిక్సు మాస్టారు, వెదురు మోడాలు అల్లే ఆడమనిషిని చూసినాడంట. వెదురు కొనేదానికి డబ్బుల్లేక వ్యాపారి దగ్గర అప్పు తీసుకుంటుంది. ఆ వ్యాపారికే, ఆయన చెప్పిన రేటుకే మోడాలు అమ్మాల. ఆ ఊళ్లో అట్టా ఇరుక్కున్నోళ్లు 42 మంది. అందరి అప్పూ కలిపితే ఎంత? 27 డాలర్లు. జేబులోంచి తీసిచ్చినాడు. అదే 1983లో గ్రామీణ బ్యాంకు అయింది, 2006లో ఆయనకూ బ్యాంకుకూ నోబెల్ వచ్చింది. అయిదుగురు ఆడోళ్ల జట్టు, వారం వారం మీటింగు, వారం వారం వాయిదా. అదీ వాళ్ల పద్ధతి. ట్రైనింగులో అందరం చప్పట్లు కొట్టినాం. ఆ వారం వాయిదా మా ఊరికి గూడా వస్తుందని అప్పుడు తెలవదు.

2004 నుంచి పావలా వడ్డీ. నూటికి నెలకు పావలా అంటే ఏడాదికి మూడు రూపాయలు. మేం బ్యాంకు వాయిదాలు తప్పకుండా కడితే ఆ పైన పడే వడ్డీ సర్కారు వెనక్కిచ్చేది. మూడు రూపాయల వడ్డీకి అప్పు దొరికే ఊళ్లోకి ముప్ఫై రూపాయల వడ్డీ మైక్రోఫైనాన్సు కంపెనీలు ఎట్టా వచ్చినాయి జేజీ అని అడగరేం? అడగాల. బ్యాంకు అప్పు రావాలంటే నెలలు. సంఘం మొత్తానికి ఇస్తారు, పదిహేను మంది పంచుకుంటే తలా ఇంత. సంతకాలు, ఫోటోలు, మేనేజరు లీవు. కంపెనీ పిల్లోడు మోటారు సైకిలు మీద గుమ్మం ముందర దిగినాడు, ఆధారం అడగలా, వారం తిరక్కముందే పదివేలు చేతిలో పెట్టినాడు. ఎవరు పోరు?

నేనూ తీసుకున్నా. దాచేదేముంది. బస్టాండు దగ్గర నా దోసెల అంగడి మీకు గుర్తుండదు. రుబ్బురోలు దగ్గర నడుం పడిపోతా ఉంటే ఆ పదివేలతో గ్రైండరు, పెద్ద పెనం కొన్నా. వారానికి 230 రూపాయలు, 50 వారాలు. మొత్తం 11,500. "నూటికి పదిహేనే అమ్మా వడ్డీ" అన్నాడు పిల్లోడు. ఒక రాత్రి కూర్చొని లెక్కేసినా. పాతికో వారానికి వాళ్ల డబ్బు నా దగ్గర ఉండేది అయిదు వేలే. నేను మాత్రం పదివేలకు వడ్డీ కడతానే ఉన్నా. తగ్గిన అసలు మీద చూస్తే అది నూటికి ముప్ఫై దాటతా ఉంది. అయినా నాకు బరువనిపించలా, ఎందుకంటే కారం దోసె రోజూ అమ్ముడుపోతుంది. పొద్దున వేసిన దోసె డబ్బు మధ్యాన్నానికి డబ్బాలో ఉంటుంది. వారం వాయిదా దోసెల అంగడికి సరిపోయింది. అందుకే అందరూ కంపెనీల్ని తిడతా ఉంటే నేను పూర్తిగా తిట్టలేను.

మా పక్కింటామె గూడా తీసుకుంది, ఇంకో బర్రె కోసం. అదే కాగితం, అదే 230, అదే మంగళవారం పొద్దున ఏడు గంటలు. బర్రెకూ దోసెకూ ఒకే వాయిదా! బర్రె వట్టిపోయింది. బర్రె వట్టిపోయినా వారం వట్టిపోదు గదా. రెండో కంపెనీ దగ్గర తీసుకొని మొదటి కంపెనీకి కట్టింది. మూడోదాని దగ్గర తీసుకొని రెండోదానికి. ముగ్గురు పిలకాయలు మూడు రోజులు మోటారు సైకిళ్ల మీద వచ్చేవాళ్లు. అయిదుగురం జట్టు, ఒకరు కట్టకపోతే మిగతా నలుగురూ కట్టాల, అందాకా ఎవరూ లేవకూడదు. ఒక మంగళవారం ఆమె రాలేదు. ఆ పిల్లోడు "ఆమె డబ్బు తెచ్చేదాకా మీరు కదలొద్దు" అన్నాడు. నా అంగట్లో పిండి పులిసిపోతా ఉంది. ఇరవై ఏళ్లుగా ఒకరింట్లో కూర ఒకరికి ఇచ్చుకున్నోళ్లం, ఆ రోజు ఆమె ఇంటి ముందు నిలబడి నోటికొచ్చినట్టు అరిచినాం. నేనూ అరిచినా. సంఘంలో నలుగురం పోయి బర్రె పొట్ట తడిమినాం, ఇక్కడ నలుగురం పోయి మనిషిని తిట్టినాం. మనుషులం మాత్రం ఆ నలుగురమే.

చివరికి వట్టిపోయిన బర్రెను సగం ధరకు కోతకు అమ్ముకుంది. చూలుతో ఉన్నదాన్ని.

ఆ పిల్లోణ్ణి తిట్టి లాభం లేదు. వాడిది గూడా ఏదో పల్లెటూరే, డిగ్రీ చదివి ఉద్యోగం దొరక్క చేరినాడు. వసూలు తక్కువైతే వాడి జీతంలో కోత. ఒకసారి నా అంగట్లో దోసె తింటా కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

ఇది మా ఒక్క ఊరి కథ కాదు. 2006లోనే కృష్ణా జిల్లాలో కలెక్టరు కంపెనీల శాఖలు యాభై దాకా మూయించినాడు. సర్దుకుంది అన్నారు, సర్దుకోలా, ఇంకా పెరిగింది. 2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ అనే పెద్ద కంపెనీ షేర్లు బజారులోకి వచ్చినాయి. మాకిచ్చింది వాళ్లు కాదులే. ఆ షేర్లకు 1,600 కోట్ల పైన వచ్చిందని పేపర్లో వేసినారు. పేదోళ్ల అప్పుల మీద షేర్ల వ్యాపారం ఏందని ఆ బంగ్లాదేశ్ యూనసే తప్పు పట్టినాడు. అదే పేపర్లో పక్క పేజీల్లో అప్పుల బాధతో ప్రాణాలు తీసుకున్న ఆడోళ్ల వార్తలు. అక్టోబరు 15న సర్కారు ఆర్డినెన్సు తెచ్చింది: కంపెనీలు జిల్లాలో రిజిస్టరు కావాల, వాయిదా నెలకొకసారి, వసూలు పంచాయతీ ఆఫీసు దగ్గరే, వడ్డీ అసలును దాటకూడదు, ఇంటి మీదికి పోయి బెదిరిస్తే జైలు.

ఊళ్లో పండగ చేసుకున్నారు. ఎవరూ కట్టలా. కట్టగలిగినోళ్లూ కట్టలా. రాష్ట్రంలో నూటికి తొంభై తొమ్మిది వసూలయ్యే బాకీ పదికి పడిపోయింది. నా మాట ఎవరికీ నచ్చలేదు గానీ అప్పుడే చెప్పినా: బెదిరింపు ఆగటం మంచిది, బాకీ ఎగ్గొట్టటం మంచిది కాదు. రెండేళ్లలో ఏమైంది? కంపెనీలు పోయినాయి, వాటికి అప్పిచ్చే బ్యాంకులు వెనక్కి తగ్గినాయి, మా ఊళ్లో అయిదు రూపాయల వడ్డీ మళ్లీ తలుపు తెరిచింది.

రిజర్వు బ్యాంకు మాలేగాం గారి కమిటీ వేసింది, 2011 జనవరిలో రిపోర్టు వచ్చింది. దాని మీద రిజర్వు బ్యాంకు పెట్టిన రూల్సులో వడ్డీ నూటికి 26 దాటకూడదు, ఒక మనిషికి రెండు కంపెనీలకు మించి ఇయ్యకూడదు అన్నారు. నాకు నచ్చింది వేరే మాట. వాయిదా వారానికా, పదిహేను రోజులకా, నెలకా అనేది అప్పు తీసుకునేవాళ్ల ఇష్టం అన్నారు. ఆ ఒక్క మాట ఆరేళ్ల ముందు వచ్చి ఉంటే! 2022లో వడ్డీ మీద హద్దే తీసేసినారు. దాని బదులు ఇంటి ఆదాయంలో సగానికి మించి వాయిదాలు ఉండకూడదని పెట్టినారు. రాసుకోవటానికి బాగుంది. ఇంటి ఆదాయం ఎంతని అడిగితే మా ఊళ్లో ఎవరు నిజం చెబతారు, ఎవరు రాసుకుంటారు?

మా సంఘాలు బంగారమని చెప్పను. లీడర్లే పెద్ద అప్పులు తీసుకున్న ఊళ్లున్నాయి. సొంత వ్యాపారానికని రాసి పెళ్లిళ్లకు వాడినోళ్లున్నారు. మీ అమ్మ పెళ్లికి నేను అదే చేసినా. 2014 ఎన్నికల్లో మాఫీ అన్నారు, మా వాళ్లు కట్టటం మానేసినారు. చేతికొచ్చింది సభ్యురాలికి పదివేలు, అదీ విడతల మీద. కట్టని నెలలకు పడిన వడ్డీ వేరే. ఇంత జరిగినా మా పదిహేను మందిలో తొమ్మిది మందిమి ఇంకా ఒకటే జట్టు, మిగతా ఆరు చోట్ల కోడళ్లొచ్చినారు. పక్కింటామె కోడలు మొన్న బర్రెకు నలభై వేలు తీసుకుంది. పుస్తకంలో ముందే రాసినాం, వట్టి నెలల్లో వడ్డీ మాత్రమేనని. బ్యాంకువాళ్లు అట్టా రాయనియ్యలేదు, మేం సంఘం డబ్బులోంచి ఆ నెలలు సర్దుతా ఉన్నాం. బర్రె లెక్క చూసి వాయిదా పెట్టే బ్యాంకును నేనింకా చూడలా.

ఇంకో మాట. అయిదో తారీకున మీటింగు. పుస్తకాలు రాసే పిల్ల కాపురానికి పోయింది, కొత్త కోడళ్లు ట్యాబులో నొక్కుతారు గానీ తీర్మానం రాయటానికి బద్ధకిస్తా ఉన్నారు. ఎంత అనేది ట్యాబు చెబుతుంది. ఎందుకు, ఎన్నాళ్లు ఆగాల అనేది మనిషే రాయాల. సెలవులకు వచ్చినారు గదా, మీలో చేతిరాత బాగుండేవాళ్లు ఒకరు వచ్చి రాసిపెట్టండి. జీతం ఉండదు. దోసెలు వేసి పెడతా.